కమాండ్ ముందు $ గుర్తు ఉంచాలా, తీసెయ్యాలా?

డాక్స్_రాత:
మా ప్రొడక్ట్ ఇన్‌స్టలేషన్ గైడ్ రాసేది నేనే. అందులో ప్రతి కమాండ్ ముందూ $ ఉంది, అంటే టెర్మినల్ మన కమాండ్ కోసం ఎదురుచూస్తూ చూపించే ప్రాంప్ట్ గుర్తు. పోయిన వారం ఒక కస్టమర్ ఆరు లైన్ల బ్లాకు మొత్తం కాపీ చేసి టెర్మినల్‌లో పేస్ట్ చేశారు. ఆరింటికి ఆరూ '$: కమాండ్ నాట్ ఫౌండ్' అన్నాయి. సాఫ్ట్‌వేరే పాడైందనుకుని ఆయన సపోర్ట్‌కు ఫోన్ చేశారు. $ అన్నిచోట్లా తీసెయ్యాలని నా పట్టుదల. ఆ పేజీకి వచ్చేవాళ్లు కాపీ చేసుకోవడానికే వస్తారు. కాపీ చేస్తే పనిచెయ్యని ఉదాహరణ తప్పు ఉదాహరణే. డాక్స్ ఫైళ్లలో రాత తప్పులు పట్టే మార్క్‌డౌన్‌లింట్ టూల్‌లో ఎండీ014 రూల్ కూడా ఇదే అంటోంది. టీమ్‌లో సీనియర్లు మాత్రం ఒప్పుకోవట్లేదు. మీరేమంటారు?

ల్యాబ్_మాస్టారు:
ఆ రూల్ పూర్తిగా చదవండి. బ్లాకులో ఉన్నవన్నీ కమాండ్లే అయి, అన్నిటికీ $ ఉంటేనే అది తప్పు పడుతుంది. కమాండ్ కింద అవుట్‌పుట్ కూడా చూపిస్తే ఏమీ అనదు. మనం టైప్ చేసేది ఏది, మెషీన్ చెప్పింది ఏది అని విడదీసేది ఆ గుర్తే కదా.

నేను డిప్లొమా పిల్లలకు లైనక్స్ ల్యాబ్ చెబుతాను. ఒకసారి ల్యాబ్ షీట్‌లో ప్రాంప్ట్‌లన్నీ తీసేసి ఇచ్చాను. మొదటి లైను మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్‌లోకి వెళ్లడానికి, రెండోది 'షో డేటాబేసెస్;'. ఒకమ్మాయి పాస్‌వర్డ్ తప్పు కొట్టడంతో లోపలికి వెళ్లనే లేదు. అది గమనించక రెండో లైను షెల్‌లోనే (టెర్మినల్‌లో మన కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) కొట్టింది. తప్పు సెమికోలన్‌లో ఉందేమోనని అరగంట దాన్నే దిద్దుతూ కూర్చుంది. షీట్ మీద 'మైఎస్‌క్యూఎల్>' అని ఉండుంటే, తన స్క్రీన్ మీద $ చూడగానే ఇంకా బయటే ఉన్నానని తెలిసేది. తర్వాతి వారమే ప్రాంప్ట్‌లు మళ్లీ పెట్టాను.

సర్వర్_డ్యూటీ:
మాస్టారూ, మీ మాట కాదనను. కానీ $ వల్ల పోయేది కాస్త టైమే, మిగతా గుర్తులు అలా వదలవు. > ని ప్రాంప్ట్‌గా రాసిన పేజీలు చాలా ఉన్నాయి. లైనక్స్‌లో మామూలుగా ఉండే షెల్ బ్యాష్. అందులో అది అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లించే గుర్తు. పక్కన ఏ పదం ఉంటే ఆ పేరుతో ఖాళీ ఫైల్ పుడుతుంది. ఆ పేరుతో ఫైల్ ముందే ఉంటే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్‌కి ప్రాంప్ట్‌గా వాడే # ఇంకా ప్రమాదం. బ్యాష్‌కి అది కామెంట్, అంటే నడపకుండా వదిలేసే వివరణ. ఎర్రర్ రాదు, పనీ జరగదు. అయిపోయిందనుకుని తర్వాతి స్టెప్‌కి వెళ్లిపోతారు. మ్యాక్‌లో 2019 నాటి కేటలీనా నుంచి డిఫాల్ట్ షెల్ జెడ్‌షెల్. టెర్మినల్‌లో కొడితే అది మామూలుగా # ని కామెంట్‌గా తీసుకోదు, ఎర్రర్ ఇస్తుంది. అంటే మీరు వివరణ కోసం బ్లాకులో రాసిన కామెంట్ కూడా ఇబ్బందే. వివరణ బ్లాకు బయట రాయండి.

రంగుల_పని:
ప్రాంప్ట్ కనబడాలి, సెలెక్ట్ మాత్రం కాకూడదు. ఇది కష్టమేం కాదండీ. డాక్స్ పేజీలు తయారుచేసే స్ఫింక్స్ వాడుతుంటే లోపల కోడ్‌కి రంగులు వేసేది పిగ్మెంట్స్. బ్లాకు భాషను 'బ్యాష్' అని కాకుండా 'కన్సోల్' అని ఇవ్వండి. అప్పుడు $ ని ప్రాంప్ట్‌గా గుర్తించి 'జీపీ' అనే క్లాస్ తగిలిస్తుంది, $ లేని లైన్లను అవుట్‌పుట్‌గా వదిలేస్తుంది. ఆ క్లాస్‌కి, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్‌లో 'యూజర్-సెలెక్ట్: నన్' అని ఒక్క లైను రాస్తే చాలు, మౌస్‌తో లాగినా $ రాదు.

అలవాటుగా అన్నిటికీ 'బ్యాష్' అని పెట్టేస్తారు, అక్కడే వస్తుంది చిక్కు. కోడ్ కాపీ తెచ్చుకునే గిట్ క్లోన్ కమాండ్ అవుట్‌పుట్ చివర 'డన్' అని వస్తుంది చూడండి, దాన్ని బ్యాష్‌లో లూప్ ముగించే 'డన్' అనుకుని కీవర్డ్ రంగు వేస్తుంది. చదివేవాళ్లు అది కూడా టైప్ చెయ్యాలేమో అనుకుంటారు. తప్పు రంగు వేసేకంటే అసలు రంగే లేకపోవడం మేలు.

పైథాన్‌లో >>> ప్రాంప్ట్ సంగతి వేరు. 2001లో వచ్చిన 2.1 వెర్షన్ నుంచి ఉన్న డాక్‌టెస్ట్, ఆ గుర్తును బట్టే ఉదాహరణలను పట్టుకుని, నడిపి, కింద రాసిన జవాబుతో పోల్చి చూస్తుంది. >>> తీసేస్తే ఆ పరీక్ష కూడా పోతుంది.

కళ్లజోడు:
ఒక్క విన్నపం. ప్రాంప్ట్ సెలెక్ట్ కాదు కదా అని దాన్ని లేత బూడిద రంగులో పెట్టేస్తుంటారు. నాకు చూపు తక్కువ. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద అది నాకు కనబడదు, అప్పుడు మాస్టారు చెప్పిన ఉపయోగం నాకు దక్కనట్టే. మామూలు అక్షరాలకు వెబ్ పేజీలు అందరూ వాడుకోగలిగేలా ఉండడానికి పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల ఏఏ స్థాయిలో కనీసం 4.5:1 కాంట్రాస్ట్ ఉండాలి. కోడ్ రంగులకు, కామెంట్‌లకు కూడా అదే వర్తిస్తుంది.

డాక్స్_రాత:
'అన్నిచోట్లా తీసెయ్యాలి' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అవుట్‌పుట్ చూపించే బ్లాకులన్నీ 'కన్సోల్' చేస్తాను, ముదురు రంగు ప్రాంప్ట్‌తో. వట్టి కమాండ్లే ఉన్నచోట మాత్రం $ ఉండదు, అందులో మార్పు లేదు. ఎందుకంటే మా రీడ్‌మీ (ప్రాజెక్ట్ పరిచయ పేజీ) కోడ్ ఉంచే గిట్‌హబ్ సైట్‌లో ఉంది. అక్కడ మన సీఎస్‌ఎస్ చెల్లదు, కాపీ బటన్ నొక్కితే $ తో సహా వచ్చేస్తుంది.

ల్యాబ్_మాస్టారు:
అలాగైతే రీడ్‌మీలో ప్రతి బ్లాకు పైన 'ఇది మీ షెల్‌లో', 'ఇది మైఎస్‌క్యూఎల్ లోపల' అని ఒక్క ముక్క రాయండి. మా షీట్లు ప్రింట్ మీద ఇస్తాం, అక్కడ కాపీ గొడవే లేదు. అందులో $ తియ్యను.