సోమవతి అమావాస్య నాడు రావిచెట్టును తాకవచ్చా?

ఈసారి సోమవతి అమావాస్యకు, అంటే సోమవారం వచ్చే అమావాస్యకు, ఉపవాసం ఉండి, రావిచెట్టుకు 108 ప్రదక్షిణలు చేయాలనుకుంటున్నాను. లెక్క తప్పకుండా ప్రదక్షిణకొక పసుపు కొమ్ము పక్కన పెడతాను, దానికేం ఇబ్బంది లేదు. చిక్కంతా ప్రదక్షిణలు చేస్తూ చెట్టుకు చుట్టే దారంతోనే.

మా పుట్టింట్లో శనివారం తప్ప రావిని ముట్టుకోరు. అత్తగారేమో పసుపు దారం మొదలుకు ఆనేలా చుట్టాల్సిందే అంటారు. పంచాంగం చూశాను, అందులో తిథి సమయమే ఉంది. గుడిలో పంతులుగారు "మీ ఇంటి ఆచారం ప్రకారం చేయండమ్మా" అన్నారు. ఏ ఇంటిదో! వీడియోల్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. తాకకుండా చుట్టి చూద్దామంటే, మా వీధి చెట్టుకు ఎత్తైన అరుగు ఉంది, దారం జారి దాని మీద పడిపోతోంది. నీళ్లు పోయడం, దీపం పెట్టడం ఎలాగో తాకకుండానే అయిపోతాయి.

అమావాస్య సోమవారం దారం చుట్టేటప్పుడు రావి మొదలును చేత్తో తాకవచ్చా, మీ ఇళ్లలో ఎలా చేస్తారు?