29 డిగ్రీల్లో కంట్రోల్ (పోలిక కోసం పెట్టిన) ఈగలు కూడా నీరసిస్తున్నాయి, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు పండ్ల ఈగల మీద పని చేస్తున్నాను. మా అక్క కొడుక్కి డుషెన్ కండరాల క్షీణత ఉంది, అందుకే పట్టుబట్టి, ఆ జబ్బుకు మూలమైన డిస్ట్రోఫిన్ జన్యువునే తీసుకున్నాను. మనిషిలో 79 ఎక్సాన్లున్న (ప్రోటీన్ తయారీ సమాచారం ఉండే ముక్కలు) ఆ జన్యువుకు ఈగలోనూ సాటి జన్యువు ఉంది. మెఫ్2-గాల్4 (కండరాల్లో పనిచేసే జన్యు స్విచ్ లాంటిది) వాడి, ఆర్ఎన్ఏఐతో (జన్యువు పనిని అణిచే పద్ధతి) దాన్ని కండరాల్లో తగ్గిస్తున్నాను. గాల్4 గట్టిగా పనిచేయాలని 29 డిగ్రీల్లో పెంచుతున్నా.

చిక్కేమిటంటే, సీసాను తట్టి ఈగలు పైకి ఎంత ఎక్కాయో చూస్తే, మూడో వారానికి కంట్రోల్ ఈగలూ వెనకబడుతున్నాయి. ఆ వేడికి ముసలితనం తొందరగా వస్తుంది కదా! గాల్4 ఒక్కటే ఉన్నవి, ఆర్ఎన్ఏఐ ఒక్కటే ఉన్నవి, రెండు రకాల కంట్రోళ్లూ పెట్టాను. ప్యూపా నుంచి బయటికొచ్చాక 25 డిగ్రీలకు మారిస్తే డిస్ట్రోఫిన్ మళ్లీ పెరిగిపోతుందా? ఇలా చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.