చెల్లి పెళ్లికి 50 ఎంఎం ప్రైమ్ కొనాలా, వాడిన 17-50 జూమ్ కొనాలా?

కొబ్బరితోట88:
అందరికీ నమస్తే. వచ్చే నెల మా చెల్లి పెళ్లి, అమలాపురం దగ్గర మా ఊళ్లోనే, ఇంటి ముందు పందిరి వేసి చేస్తున్నాం. ముహూర్తం రాత్రి 11 దాటాక. ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడాం, కానీ ఇంట్లోవాళ్ల ఫొటోలు, అంటే అమ్మమ్మ, పిన్నులు, చెల్లిని పెళ్లికూతుర్ని చేసేటప్పటి హడావిడి, ఇవన్నీ నేనే తీయాలని ఉంది. నా దగ్గర కానన్ 200డి మార్క్ 2, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉన్నాయి. నిశ్చితార్థంలో ఇదే వాడాను. హాల్లో వెలుతురు బాగానే ఉందనుకున్నా గానీ ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే సగం ఫొటోలు చెదిరిపోయాయి. ఉంగరం తొడిగే ఫొటోలో వెనకాల పూలదండలు శుభ్రంగా వచ్చాయి, చెల్లి వేలు మాత్రం మసక గీతలా ఉంది. అది చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటోంది. 12 వేల దాకా పెట్టగలను. కొత్త 50 ఎంఎం ఎఫ్ 1.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) కొనమని ఒక ఫ్రెండ్, వాడిన 17-50 ఎఫ్ 2.8 జూమ్ వెతుక్కోమని ఇంకో ఫ్రెండ్. ఏది తీసుకోమంటారు?

కిటికీవెలుగు:
కళ్లు మూసుకుని 50 తీసుకోండి. వెనకాల దండలు బాగా వచ్చి వేలు చెదిరిందంటే మీ చెయ్యి వణకలేదు, వేలు కదిలింది. లెన్స్‌లో ఉండే స్టెబిలైజర్ మన చేతి వణుకునే ఆపుతుంది, ఎదుటివాళ్ల కదలికను ఆపలేదు. దానికి షట్టర్ వేగం కావాలి, వేగానికి వెలుతురు కావాలి. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది, మీ కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు. ఎఫ్ 1.8 దానికి దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి పంపిస్తుంది, అంటే ఇప్పుడు ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 6400 పెడితేగానీ రాని ఫొటో అదే షట్టర్‌తో 640 దగ్గర వచ్చేస్తుంది. మా నానమ్మ వంటింటి కిటికీ పక్కన కూర్చుని తలంబ్రాల బియ్యానికి పసుపు కలుపుతుంటే ఈ లెన్స్‌తోనే తీశాను. గోళ్ల సందుల్లో ఇరుక్కున్న పసుపు కూడా కనిపిస్తుంది. ఆవిడ ఇప్పుడు లేరు. ఫ్రేము కట్టించి పెట్టుకున్నది ఆ ఒక్క ఫొటోనే. కిట్ లెన్స్‌తో అయితే ఆ గదిలో కెమెరా బయటికి తీసేవాణ్ణే కాదు.

పందిరిరాట:
పైన చెప్పిన లెక్క కరెక్టే, కాదనను. కానీ ఆయన చెప్పింది గదిలో ఒక్క మనిషి ఫొటో. పందిరి కింద సంగతి వేరు. మీ కెమెరాది చిన్న సెన్సర్, దాని మీద 50 పెడితే ఫుల్ ఫ్రేమ్‌లో, అంటే పెద్ద సెన్సరున్న కెమెరాలో, 80 ఎంఎం చూసినంతే చూస్తుంది. రెండు మీటర్ల దూరం నుంచి అడ్డంగా తీస్తే 90 సెంటీమీటర్ల మేర మాత్రమే పడుతుంది. పీటల మీద వధూవరులిద్దరూ భుజాలతో సహా రారు. వెనక్కి జరుగుదామంటే వెనకాల పురోహితుడుగారి సామాను, వీడియో వాళ్ల స్టాండు, ఆ వెనక కుర్చీల్లో చుట్టాలు. మీ వైపు పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొస్తారు కదా, అదొక్కటి ఊహించుకోండి. వీధి గుమ్మం దగ్గర మొదలై మీ మీదికే వస్తారు. దూరంగా ఉన్నప్పుడు 50 కావాలి, పక్కనుంచి వెళ్లేటప్పుడు 17 కావాలి, మధ్యలో ఉన్నది పది అడుగులే. లెన్స్ మార్చే టైమ్ ఉండదు, ఇంకోసారి మోసుకురమ్మని అడగలేం. ఎఫ్ 2.8 జూమ్ మీ 5.6 కంటే నాలుగు రెట్ల వెలుతురిస్తుంది, పందిట్లో లైట్లకి అది చాలు.

ఇంకో మాట. 1.8 దగ్గర మీటరున్నర నుంచి తీస్తే ఫోకస్ నిలిచే లోతు 6 సెంటీమీటర్లు మాత్రమే. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఒకరి కళ్లు స్పష్టంగా ఉంటే రెండోవాళ్ల మొహం మెత్తబడిపోతుంది. అక్కడ ఎలాగూ లెన్స్ తెరుచుకోవడాన్ని 2.8 దాకా తగ్గించాల్సిందే, అలాంటప్పుడు 1.8 కోసం డబ్బు పోయడం ఎందుకు?

పాతలెన్సులు:
వాడిన జూమ్ కొనేట్టయితే తొందరపడొద్దండి. మన కోస్తా తేమకి లెన్స్‌లో ఫంగస్ పట్టడం మామూలే. వెనక మూత తీసి, సెల్‌ఫోన్ టార్చి ఒక వైపు నుంచి వేసి రెండో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఎంత తగ్గించి ఇస్తామన్నా వదిలేయండి. నాలుగు దుమ్ము రేణువులుంటే పర్లేదు. నేనిలా చూడకుండా ఒకటి కొని, రెండు వానాకాలాలకే పారేశాను.

పందిరికి ఎల్ఈడీలు పెడుతున్నారా? మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని చవక లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ మరీ పెంచితే ఫొటోలో నల్లటి చారలు పడతాయి. షట్టర్ 1/100 సెకను దగ్గర ఆ గొడవ ఉండదు. తలంబ్రాలు పోసేటప్పుడు మాత్రం 1/500 లేకపోతే బియ్యం గింజలు గీతల్లా వస్తాయి, కాబట్టి ముందురోజు రాత్రి లైట్లు వేయించి రెండు స్పీడ్లలోనూ తీసి చూసుకోండి.

అసలు కొనే ముందు కిట్ లెన్స్‌నే 50 దగ్గర పెట్టి, జూమ్ రింగు తిరక్కుండా టేపు వేసి ఒక పూటంతా ఇంట్లో తీయండి. తర్వాత ఇంకో పూట 24 దగ్గర. ఎక్కడ ఇబ్బంది పడ్డారో మీకే తెలుస్తుంది.

కొబ్బరితోట88:
టేపు వేసి చూశానండి. వీధి అరుగు మీద అమ్మని, పిన్నిని పక్కపక్కన కూర్చోబెట్టి రెండు మీటర్ల నుంచి 50లో తీస్తే పిన్ని సగమే వచ్చింది. నిశ్చితార్థం ఫొటోల వివరాలు కూడా తీసి చూశాను, మనుషులు కలిసి ఉన్నవి దాదాపు అన్నీ 20 నుంచి 35 మధ్యలోనే ఉన్నాయి. బాగా నచ్చిన ఒంటరి మొహాలు మాత్రం 55లో తీసినవే.

రాజమండ్రిలో 17-50 ఎఫ్ 2.8 అద్దెకి దొరుకుతోంది, పెళ్లికి రెండు రోజులు మాట్లాడేశాను. మిగిలిన డబ్బుతో 50 కొంటున్నా. పెళ్లికూతుర్ని చేసేది పొద్దున్నే, తూర్పు గదిలో, అమ్మమ్మ నలుగు పెడుతుంది. అక్కడ కిటికీ ఉంది.

కిటికీవెలుగు:
అక్కడ ట్యూబ్‌లైట్ ఆపేయించండి. కిటికీ వెలుగు ఒక్కటే ఉంచి, అమ్మమ్మగారి మొహం దానివైపు తిరిగేలా పీట వేయించండి. 1.8 వద్దు, 2.2లో తీయండి, ఫోకస్ నిలిచే లోతు కాస్త పెరుగుతుంది.