డు_గెట్‌టైమాఫ్‌డే తీసేశాక డ్రైవర్ కంపైలవుతోంది, ఐఓసీటీఎల్ మాత్రం ఫెయిల్

ప్రశ్న: పాత డ్రైవర్‌ని లినక్స్ 4.9 నుంచి 5.10కి మారుస్తున్నా. కెర్నల్‌లో టైమ్ చదివే డు_గెట్‌టైమాఫ్‌డే ఇప్పుడు లేదు కదా, అన్నిచోట్లా కేటైమ్_గెట్_రియల్_టీఎస్64 పెట్టా, టైమ్‌వాల్ (సెకన్లు, మైక్రోసెకన్లు) బదులు టైమ్‌స్పెక్64 (సెకన్లు, నానోసెకన్లు). ఒక్క వార్నింగ్ లేదు. యాప్ మాత్రం ఐఓసీటీఎల్ (డ్రైవర్‌కి కమాండ్ పంపే కాల్) దగ్గర ఎర్రర్ 25 ఇచ్చి ఆగిపోతోంది. యాప్‌ని ముట్టుకోలేదు. పొద్దున్నుంచీ ఇదే గోల, ఎవరైనా చెప్పండి.

సభ్యుడు 1: అసలు రియల్ క్లాక్ ఎందుకండీ? నెట్ నుంచి టైమ్ సరిచేసే ఎన్‌టీపీయో, ఎవరైనా డేట్ కమాండ్‌తోనో గడియారాన్ని వెనక్కి జరిపితే రెండు రీడింగుల తేడా మైనస్‌లోకి పోతుంది. వ్యవధి కొలవాలంటే కేటైమ్_గెట్ (వెనక్కి పోని మోనోటోనిక్ క్లాక్), తేడాకి కేటైమ్_యూఎస్_డెల్టా. ఆ 64 బిట్ తేడాని నేరుగా 1000తో భాగించారో, 32 బిట్ ఆర్మ్‌లో 64 బిట్ భాగహారం చేసే ఎల్‌డివ్‌మాడ్ ఫంక్షన్ దొరకలేదని లింకింగ్ ఆగిపోతుంది.

సభ్యుడు 2: ఏ ప్రాసెసర్? స్ట్రక్చర్ పెట్టండి.

ప్రశ్న: 32 బిట్ ఆర్మ్. స్ట్రక్చర్ మామూలుదే, ఒక టైమ్‌వాల్, తర్వాత యూ32 ఛానల్. వ్యవధి కాదండీ, లాగ్‌లో టైమ్ వేయడానికి.

సభ్యుడు 3: వ్యవధికైనా కేటైమ్_గెట్ చాలదు. సస్పెండ్‌లో మోనోటోనిక్ ఆగిపోతుంది, సస్పెండ్ సమయాన్నీ లెక్కపెట్టే బూట్‌టైమ్ వాడాలి.

సభ్యుడు 1: 4.17 నుంచి రెండూ ఒకటే చేశారుగా?

సభ్యుడు 3: ఆర్‌సీల్లోనే (విడుదలకి ముందు టెస్ట్ వెర్షన్లు). 4.17 విడుదల కాకముందే వెనక్కి తీసుకున్నారు.

సభ్యుడు 2: ఆ గొడవ తర్వాత చూసుకోండి. ఐఓసీటీఎల్ కమాండ్ నంబర్ తయారుచేసే _ఐఓఆర్ మాక్రో స్ట్రక్చర్ సైజుని కమాండ్ నంబర్‌లోనే కలుపుతుంది. పాతది 8+4, 12 బైట్లు. ఆర్మ్‌లో టైమ్‌స్పెక్64 ఒక్కటే 16, ఛానల్, ప్యాడింగ్ (అమరిక కోసం వదిలే ఖాళీ బైట్లు) కలిసి 24. యాప్ హెక్స్‌లో 800సితో మొదలయ్యే నంబర్ పంపుతోంది, మీ డ్రైవర్ 8018 కోసం చూస్తోంది. స్విచ్‌లో ఏదీ కలవక డిఫాల్ట్‌కి పోయి ఈనాట్‌టీటీవై (ఆ కమాండ్ తెలియదనే ఎర్రర్), అంటే 25. పాత నంబర్ చేత్తో రాసి తప్పించుకోవద్దు, డ్రైవర్ నుంచి యాప్‌కి డేటా కాపీచేసే కాపీ_టు_యూజర్ 12 బైట్ల చోట 24 రాసి యాప్ మెమరీ పాడుచేస్తుంది. డ్రైవర్ వైపు __కెర్నల్_ఓల్డ్_టైమ్‌వాల్ పెట్టి, టీవీ_ఎన్‌సెక్‌ని 1000తో భాగించి టీవీ_యూసెక్‌లో వేయండి. అది లాంగే కాబట్టి మామూలు భాగహారం చాలు. ఈ పాత కమాండ్ 2038 జనవరి 19 దాకానే. ఆ తర్వాతకి __ఎస్64 సెకన్లతో కొత్త కమాండ్ చేర్చండి. అందులో టైమ్‌వాల్ వద్దు. జీలిబ్‌సీ (యాప్ వాడే సీ లైబ్రరీ) 2.34 నుంచి యాప్‌ని 64 బిట్ టైమ్‌తో కట్టే వీలుంది, అప్పుడు అటువైపూ సైజు మారుతుంది.

ప్రశ్న: ఓల్డ్ టైమ్‌వాల్‌తో నడిచింది. థాంక్సండీ.

సభ్యుడు 1: లాగ్‌కైనా మోనోటోనిక్ కూడా పక్కన రాసుకుంటే మంచిది.

సభ్యుడు 3: బూట్‌టైమ్.