బీటిల్స్ 'ఎ డే ఇన్ ద లైఫ్' మధ్యలో ఆ ఆర్కెస్ట్రా గోల ఏంటి?

రాత్రిరేడియో:
లెనన్ తాపీగా పేపర్ చదువుతున్నట్టు పాడుతుంటాడు, ఉన్నట్టుండి వయొలిన్లు, బాకాలు అన్నీ తలా ఒక దారిన కింది నుంచి పైకి ఎగబాకుతాయి. అది స్వరం రాసి వాయించిందేనా, ఎవరికి తోచింది వాళ్లు వాయించేశారా? మా ఫ్రెండ్స్ మత్తుమందు పాట అని కొట్టిపారేస్తున్నారు, అదీ కాస్త చెప్పండి.

స్వరాలపిచ్చి:
రెండూనండీ. మొదట అక్కడ ఏమీ లేదు, 24 బార్లు (తాళం లెక్కలో వరసగా వచ్చే చిన్న భాగాలు) ఖాళీగా వదిలేశారు. వాళ్ల అసిస్టెంట్ మాల్ ఎవాన్స్ పైకి లెక్కపెడుతూ, ఖాళీ అయిపోయిందని తెలియడానికి అలారం మోగించాడు. తర్వాత బీటిల్స్‌లోనే ఉన్న మెకార్ట్నీ పాడే ముక్క నిద్ర లేవడంతోనే మొదలవుతుంది కాబట్టి ఆ అలారం అలాగే ఉండిపోయింది. 1967 ఫిబ్రవరి 10న ఆబీ రోడ్ స్టూడియోకి 40 మంది వాద్యకారులని పిలిచారు. వాళ్ల రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్ ఒక్కో వాయిద్యానికి మొదట్లో అది పలికే అట్టడుగు స్వరం, చివర్లో పై స్వరం రాసిచ్చి, మధ్యలో ఎలా ఎక్కుతారో మీ ఇష్టం, పక్కవాడిని మాత్రం అనుసరించొద్దు అన్నాడు. జీవితమంతా పక్కవాడితో కలిసి వాయించడమే పనిగా పెట్టుకున్న వాళ్లకి అది ఎంత చిరాకో ఊహించండి! పైగా ఒక వయొలిన్ ఆయన చేతికి సరదాకి బొమ్మ గొరిల్లా పంజా తొడిగారు. వాయించినదాన్నే నాలుగుసార్లు రికార్డ్ చేసి ఒకదాని మీద ఒకటి వేశారు, అందుకే అంత జనం ఉన్నట్టుంటుంది.

పేపరుకుర్రాడు:
మత్తుమందు సూచన ఉందని బీబీసీ ఒక్క లైన్ పట్టుకుని నిషేధించిన మాట నిజమే, కానీ పాట నిండా ఉన్నది పేపరు వార్తలే. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ ఊరి రోడ్ల మీద 4,000 గుంతలు అని డైలీ మెయిల్‌లో వచ్చింది. 1966 డిసెంబర్‌లో కారు ప్రమాదంలో పోయిన గిన్నెస్ బీరు కుటుంబ వారసుడు టారా బ్రౌన్ సంగతి కూడా ఉంది, కాకపోతే ఉన్నదున్నట్టు కాదు. చావునీ గుంతల లెక్కనీ అదే గొంతుతో చెప్పేస్తాడు చూడండి, నాకు గుబులు పుట్టేది అక్కడే. పాడేవాడు పైకి చూపించనిదంతా ఆ గోలలో బయటపడుతుందని నా అభిప్రాయం.

రాత్రిరేడియో:
అబ్బ, గుంతల లెక్క నిజం వార్త అనుకోలేదు! మరి చివర్లో ఆ పెద్ద మోత?

స్వరాలపిచ్చి:
పియానోలే. చాలా చేతులు ఒక్కసారిగా ఇ మేజర్ అనే కార్డ్ (కలిపి పలికించే స్వరాల గుంపు) కొట్టాయి. శబ్దం తగ్గుతున్నకొద్దీ రికార్డింగ్ బల్ల మీద శబ్దం పెంచే మీటలు (ఫేడర్లు) పైకి తోస్తూ పోయారు, అందుకే 40 సెకన్లు దాటినా వినిపిస్తుంది. ఫోన్ స్పీకర్లో వినకండి బాబూ.

మొండిఘటం:
ఎవరేమన్నా సరే, మెకార్ట్నీ ముక్క నాకు అతుకే.

పేపరుకుర్రాడు:
అతుకే కదా అన్నా, ఆయన విడిగా రాసుకున్న ముక్కే అది. దాచే ప్రయత్నం కూడా చేయలేదు.