డబుల్ లిఫ్ట్ చేసేటప్పుడు చేతులు వణుకుతున్నాయి, ఎలా సరిచేసుకోవాలి?

నమస్కారం. రెండేళ్లుగా పేకముక్కల గారడీ సొంతంగా నేర్చుకుంటున్నాను. అద్దం ముందు నాకు తిరుగులేదు. ఎదురుగా నలుగురు కూర్చుంటే మాత్రం చేతులు నా మాట వినవు.

ముఖ్యంగా డబుల్ లిఫ్ట్ దగ్గర. పై రెండు ముక్కలను ఒకే ముక్కలా ఎత్తి చూపాలి కదా, అందుకు వాటి కింద చిటికెనవేలితో సన్నని సందు పట్టి ఉంచుతాను. మొన్న చెమటకు ఆ సందు జారిపోయి, ఆటీను రాణి వెనక నుంచి ఇంకో ముక్క అంచు గోరంత బయటికి వచ్చింది. ఎదుటి పిల్లవాడు ఏమీ అనలేదు, నవ్వాడంతే. అరిచి గోల చేసినా బాగుండేది.

ఇంట్లోవాళ్లను అడిగితే ఎప్పుడూ "బాగుంది" అంటారు. దానితో నేనేం చేసుకోను? చివరికి వీడియో తీసి చూసుకున్నాను. అసలు క్షణంలో నేనే నా చేతుల వైపు చూస్తున్నాను, మాట కూడా ఆగిపోతోంది! రహస్యం ఎక్కడుందో నేనే వేలెత్తి చూపినట్టు.

(పై ముక్కను పైనే ఉంచుతూ, పేకను సరిగ్గా సగం చేసి రెండు సగాల ముక్కలూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా కలిపే ఎనిమిది ఫారో షఫుల్‌లు తప్పులేకుండా చేస్తే 52 ముక్కలూ మొదటి వరుసకే వస్తాయి. అది నాకు వచ్చు. చూసేవాళ్లకు ఆవలింతలు వస్తాయి.)

చూపు, మాట, చేయి కలిసి నడిచేలా మీరు ఎలా సాధన చేశారు? ముక్క బయటపడిపోతే ఏం చెప్పి దాటేస్తారు? మొహమాటం లేకుండా ఒకరి తప్పులు ఒకరు చెప్పుకోవడానికి తోటి అభ్యాసకులు ఎవరైనా ఉన్నారా? నా వీడియో పంపుతాను, మీదీ ఓపిగ్గా చూస్తాను.