సంఘంలో ప్రతి సభ్యుడికీ పరిచర్య వంతు తప్పనిసరి చేయవచ్చా?

తాళాలగుత్తి

అందరికీ వందనాలు. మా సంఘ పెద్దల ముందు ఒక ప్రతిపాదన ఉంది. వచ్చే సమావేశంలో తేల్చాలి కాబట్టి, వేరే సంఘాలవారి మాట కూడా వినాలని ఇక్కడ పెడుతున్నాను.

ప్రతిపాదన ఇది: సభ్యత్వం ఉన్న పెద్దవాళ్ళందరి పేర్లూ వంతుల పట్టికలో ఎక్కుతాయి. మందిరం శుభ్రం చేయడం, కుర్చీలు సర్దడం, ద్వారం దగ్గర నిలబడడం, సండేస్కూలు, సౌండు, కానుకల లెక్క, రోగుల పరామర్శ, వీటిలో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకోనివారికి పెద్దలే అప్పగిస్తారు.

ఆదివారం ఆరాధన అందరికీ కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న వారం కనిపించదు. ఆరాధన ముగిసి అందరూ పలకరింపుల్లో ఉండగా లోపలి గదిలో కానుకలు లెక్కపెడుతుంటారు. వారం మధ్యలో ప్రార్థన కూడికకు ఎవరో ఒకరు ముందుగా వచ్చి తలుపులు తీయాలి. శనివారం పాటల సాధన, ఆ తరువాత ఊడ్చి తుడవడం. ఈ మధ్యలో ఆసుపత్రిలో ఉన్నవారిని చూసి రావాలి, రెండు వారాలుగా రానివారికి ఫోను చేయాలి. ఇవన్నీ చేసేది ఎప్పుడూ ఆ కొద్దిమందే. మిగతావారు చెడ్డవారని అనను. అడిగేవారు లేక అలవాటు పడిపోయారు, అంతే.

నేను ప్రతిపాదనకు అనుకూలం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒంటరిగా తీర్పులు చెబుతున్న మోషేను చూసి, ఇలాగైతే నీవూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారని అతని మామ యిత్రో హెచ్చరించాడు (నిర్గమకాండము 18). దావీదు కాలంలో దేవాలయ గాయకులు 288 మంది. వారిని పన్నెండుగురు చొప్పున 24 వంతులుగా చేసి, గురువనీ శిష్యుడనీ చూడకుండా చీట్లు వేశారు (మొదటి దినవృత్తాంతములు 25). వంతుల పట్టిక ఆఫీసుల నుంచి దిగుమతి చేసుకున్నది కాదు. అభ్యంతరం ఉన్నవారు చెప్పండి.

వెనుక బల్ల

నాకు అభ్యంతరం ఉంది.

తాళాలగుత్తి గారూ, మీరు చెప్పిన ఆ గాయకులు లేవీయులు. గోత్రానికి గోత్రమే ఆ పనికి ఏర్పడింది. వారికి పొలం వాటా లేదు కాబట్టి జనం ఇచ్చే దశమభాగం మీద బతికారు. ఆ భాగం అందనప్పుడు ఏమైందో నెహెమ్యా 13లో ఉంది: లేవీయులూ గాయకులూ మందిరం వదిలి ఎవరి పొలానికి వారు వెళ్ళిపోయారు. నెహెమ్యా వారిని తిట్టలేదు, అధికారులను నిలదీశాడు. మీరు వంతుల సంగతి తెచ్చుకుని భత్యం సంగతి అక్కడే వదిలేశారు.

కానుక గురించి పౌలు ఏమన్నాడు? సణుక్కుంటూ వద్దు, బలవంతంగా వద్దు, మనసులో నిశ్చయించుకున్నంత ఇవ్వమన్నాడు. డబ్బుకే బలవంతం వద్దన్నప్పుడు మనిషి సమయానికి ఎలా పనికొస్తుంది?

ఇంకో మాట. నేను వారంలో ఆరు రోజులు పని చేస్తాను. ఏడో రోజు మందిరానికి వచ్చేది కూర్చోవడానికే. కూర్చోవడం తప్పా? మార్త పనుల్లో మునిగి ఉంటే, చెల్లెలు మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుని విన్నది. ప్రభువు మరియ పక్షానే మాట్లాడాడని మనందరికీ తెలుసు.

పాతకాలపు పెద్ద

తమ్ముడూ, మరియ కూర్చున్నది ఒక పూట. నువ్వు ఎన్నాళ్ళ నుంచి కూర్చున్నావో నువ్వే లెక్క వేసుకో.

సౌండుపెట్టె

ఇద్దరూ నా పని సంగతి మరిచిపోయారు. మిక్సరు దగ్గర కూర్చునే మనిషికి ఆదివారం ఎలా గడుస్తుందో చెబుతాను.

అందరికన్నా ముందు వస్తాను. వైర్లు పరిచి, వాటి మీద టేపు అంటించి, కార్డులెస్ మైకుల్లో బ్యాటరీలు చూస్తాను. వాక్యం చెబుతున్నంతసేపూ నా కళ్ళు లైట్ల మీద, చెవి ఈల కోసం. ప్రసంగీకుడు స్వరం పెంచితే తగ్గించాలి, ప్రార్థనకు గొంతు తగ్గిస్తే పెంచాలి. మైకు పట్టుకుని స్పీకరు ముందుకు నడుస్తున్నాడంటే నా గుండె గొంతులోకి వస్తుంది. ఇంటికి వెళ్ళాక "ఈ రోజు వాక్యం ఏమిటి" అని అడిగితే, ఎక్కడెక్కడ గొంతు పెరిగిందో చెప్పగలను గానీ ఏం చెప్పారో చెప్పలేను. ప్రభురాత్రి భోజనం వేళ రొట్టె నా బల్ల దాకా రాని ఆదివారాలు కూడా ఉన్నాయి. ఎవరినీ నిందించడం లేదు, పంచేవారికి నేను కనిపించను.

నాకు కావలసింది వెనుక బల్లవారిని లేపి నిలబెట్టడం కాదు, నాకు సెలవు. లేవీయుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, సంఖ్యాకాండము 8 ఎవరైనా ప్రసంగించారా? ఇరవై ఐదో ఏట పనిలో చేరాలి, యాభయ్యో ఏట మానాలి. ఆ తరువాత సహోదరులకు తోడుగా ఉండవచ్చు గానీ పని భారం మోయకూడదు. అంటే విరమణ కూడా ధర్మశాస్త్రంలో రాసి ఉంది. మన దగ్గర ఎవరైనా దిగిపోతానంటే, "దేవుని పని వదిలేస్తావా" అని అడుగుతారు. దానికి ఏమని జవాబు చెప్పగలం? అందుకే మొదట్లో ఉత్సాహంగా చేరినవాడు చివరికి చెప్పకుండా వేరే సంఘానికి వెళ్ళిపోతాడు.

పట్టిక పెట్టండి. కానీ ఎవరు ఎప్పుడు ఎక్కాలో రాసేముందు ఎప్పుడు దిగాలో రాయండి.

సండేస్కూలు టీచరు

సౌండుపెట్టె గారి మాటతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. సండేస్కూలును "మిగిలినవారికి పెద్దలే అప్పగిస్తారు" అనే జాబితాలో పెట్టకండి. దయచేసి.

పిల్లల గదిలోకి ఎవరు వస్తున్నారన్నది పట్టిక నింపుకునే వ్యవహారం కాదు. ప్రతి తరగతిలో ఒకరికొకరు బంధువులు కాని ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. తలుపు తెరిచి ఉండాలి, లేదా లోపల జరిగేది బయటికి కనబడాలి. కొత్తగా చేరినవారిని కొంతకాలం చూడాలి, వారి పాత సంఘంలో విచారించాలి. పరిచారకులను కూడా మొదట పరీక్షించి ఆ తరువాతే పనిలో పెట్టమని తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది. పేరు చీటీలో వచ్చింది గనక వచ్చాను అనే మనిషిని పిల్లల దగ్గర కూర్చోబెట్టలేను.

పైగా పిల్లలు పాఠాన్ని మనిషిని బట్టి గుర్తు పెట్టుకుంటారు. వారానికో ముఖం మారిస్తే, వెనక కూర్చుని ఎప్పుడూ మాట్లాడని పిల్ల నోరు విప్పే రోజు రాదు.

ఉచితంగా చేయడమే మొదటి నుంచీ ఉన్న పద్ధతి అనుకునేవారికి: 1780లో ఇంగ్లండులోని గ్లోస్టరులో రాబర్ట్ రైక్స్ మొదలుపెట్టిన ఆదివారపు బడిలో బోధకులకు కూలి ఇచ్చేవారు. ఆదివారం తప్ప తీరిక లేని పనిపిల్లలకు చదవడం నేర్పడం అక్కడి ముఖ్యమైన పని. స్వచ్ఛందంగా చెప్పడం ఆ తరువాత వాడుకైంది. నేను కూలి అడగడం లేదు. కనీసం పాఠం తయారు చేసుకోవడానికి వారం మధ్యలో ఇంకో రెండు పనులు నెత్తిన పెట్టకుండా ఉంటే చాలు.

పాతకాలపు పెద్ద

మీరంతా సెలవుల గురించి మాట్లాడుతున్నారు. సంఘం అంటే మొదటి నుంచీ పనే. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత తమ ఆదివారం ఎలా ఉండేదో రాసి పెట్టాడు: లేఖనాలు చదవడం, నాయకుడి బోధ, ప్రార్థన, రొట్టె, ద్రాక్షారసం. రాలేకపోయినవారికి పరిచారకులు ఇంటికి తీసుకువెళ్ళి ఇచ్చేవారు. పోగైన కానుకలు అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, ఖైదీలకు వెళ్ళేవి. క్రీ.శ. 251 ప్రాంతంలో రోమా బిషప్పు కొర్నేలీ రాసిన ఉత్తరంలో 46 మంది పెద్దలు, ఏడుగురు పరిచారకులు, 42 మంది సహాయకులు, ఇంకా చదివేవారు, ద్వారపాలకులు కనిపిస్తారు. ఆ సంఘం పోషించిన విధవరాండ్రు, దిక్కులేనివారు 1500కు పైనే. ఇదంతా ఎవరికి తోచినప్పుడు వారు చేస్తే జరిగిందా?

సభ్యత్వం తీసుకున్నప్పుడు అందరి ముందు నిలబడి ప్రమాణం చేశారు. ప్రమాణానికి కాస్త బరువు ఉండాలి.

వెనుక బల్ల

పెద్దవారు, మీ లెక్కే నా పక్షాన సాక్ష్యం చెబుతోంది. ద్వారానికి కూడా వేరే మనిషిని పేరు పెట్టి ఏర్పాటు చేసుకున్న సంఘం అది. సభ్యులందరినీ చీపురు కిందికి తోసిన సంఘం కాదు.

ఫీబే చెల్లెలు

చీపురు మాట వచ్చింది కాబట్టి నేనూ వస్తున్నాను. ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను.

"వీటిలో ఒకటి ఎంచుకోవాలి" అన్నారు. ఎంచుకోమంటే ఏమవుతుందో ముందే చెబుతాను. సౌండు, లెక్కలు, ద్వారం మగవాళ్ళకు వెళతాయి. ఊడవడం, తుడవడం, వడ్డించడం, గిన్నెలు కడగడం మాకు వస్తాయి. ఇప్పుడు జరుగుతున్నదీ అదే, పట్టిక వస్తే దానికి ముద్ర పడుతుంది. మార్త కథను ఆడవాళ్ళ కూడికలోనే ఎందుకు చెబుతారని ఎప్పుడైనా ఆలోచించారా?

అపొస్తలుల కార్యములు 6 తీయండి. రోజూ జరిగే పంపిణీలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని గొణుగుడు మొదలైంది. అప్పుడు బల్లల దగ్గర పనికి ఎవరిని ఎన్నుకున్నారు? మంచి పేరు, ఆత్మపూర్ణత, జ్ఞానం ఉన్న ఏడుగురు మగవాళ్ళను. స్తెఫను వారిలో మొదటివాడు. మన పెద్దల్లో ఏ ఒక్కరైనా భోజనాల తరువాత బల్ల తుడవగా చూశారా? నేను చూడలేదు.

చీట్లు వేస్తారా, నిజంగానే వేయండి. పెద్దల పేర్లు, కాపరి (పాస్టరు) పేరు కూడా అదే గిన్నెలో వేయండి. అప్పుడు నేను తప్పనిసరికి ఓటు వేస్తాను.

లెక్క చూసేవాడు

కానుకల విషయం వరకే మాట్లాడతాను. ఇక్కడ వంతు మార్పు తప్పకుండా ఉండాలి, అయితే అందరికీ కాదు. లెక్కపెట్టే ఇద్దరు ఒకే కుటుంబంవారు కాకూడదు. గది దాటకముందే లెక్క పూర్తయి, ఇద్దరి సంతకాలూ పడాలి. బ్యాంకులో వేసే మనిషి మూడోవాడు కావాలి. ఒకే మనిషి ఏళ్ళ తరబడి లెక్క చూస్తే, ఆయన ఎంత నిజాయితీపరుడైనా ఏదో ఒక రోజు ఎవరో ఒకరు మాట అంటారు. విరాళం యెరూషలేముకు చేర్చేటప్పుడు పౌలు కూడా ఒంటరిగా మోసుకుపోలేదు, సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంట పెట్టుకున్నాడు. తన మీద ఎవరూ తప్పు మోపకూడదనే అలా చేశానని ఆయనే కొరింథీయులకు రాశాడు.

నా వంతు ముగిసిన రోజు నాకు పండుగ.

కొత్తగా చేరినవాడిని

నేను ఈ మధ్యే ఒక సంఘంలో చేరాను. ముందున్న చోట అన్ని పనులూ నా మీద పడి అలసిపోయి వచ్చాను. ఇంట్లో మంచం మీద ఉన్న తండ్రి ఉన్నారు. ఆయనకు స్నానం చేయించి, మందులు ఇచ్చి, పక్కింటివారిని కూర్చోబెట్టి వస్తే గానీ నా ఆదివారం మొదలు కాదు.

మీ పట్టికలో నా పేరు ఎదురుగా ఏమి రాస్తారు? "మినహాయింపు" అని రాస్తే కారణం అడుగుతారు. కారణం చెబితే ప్రార్థన మనవిగా వేదిక మీద చదువుతారు. కుమిలిపోతూ మందిరానికి వచ్చేవారు, ఎవరికీ చెప్పుకోలేని జబ్బుతో వచ్చేవారు, ఇంట్లో గొడవల నుంచి ఒక్క గంట బయటపడాలని వచ్చేవారు కూడా ఆ పట్టిక ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. ఇంటివారిని చూసుకోవడమే మొదట నేర్చుకోవలసిన భక్తి అని తిమోతికి రాసిన పత్రికలోనే ఉంది. దాన్ని ఏ వంతు కింద కడతారు?

తాళాలగుత్తి

అందరికీ కృతజ్ఞతలు. తప్పనిసరి అన్న మాట తీసేస్తే పట్టిక కాగితంగా మిగిలిపోతుందన్న భయం నాకు ఇంకా పోలేదు. అయినా కొన్ని మార్పులతో సమావేశానికి తీసుకువెళతాను.

పట్టిక ఉంటుంది. ప్రతి వంతుకూ గడువు ఉంటుంది, ఏడాది కన్నా ఎక్కువ కాదు. గడువు తీరినవారు అంతకాలం ఖాళీగా ఉండి తీరాలి. మళ్ళీ చేస్తానని వారే అడిగినా ఒప్పుకోకూడదు. ఈ ఒక్కటీ తప్పనిసరి. సండేస్కూలు, లెక్కలు పట్టికకు బయట, పెద్దలు విచారించి పెడతారు. శుభ్రం చేసే పనికి మాత్రం చీట్లు. అందులో కాపరి పేరు, పెద్దల పేర్లు ఉంటాయి. మిగతా పనులకు ఎవరినైనా అడగాలంటే ఇంటికి వెళ్ళి అడుగుతాం. వేదిక మీద నుంచి అడగం. కాదంటే కారణం అడగం.

పాతకాలపు పెద్ద

కారణం అడగకపోతే అందరూ కాదంటారు. చూస్తూ ఉండండి.

సౌండుపెట్టె

అననివ్వండి పెద్దాయనా. నా గడువు ముగిసేసరికి ఎవరూ రాకపోతే ఆ ఆదివారం మైకు లేకుండా జరపండి. గొంతు ఎత్తి మాట్లాడితే ముందు పది వరసలకు వినబడుతుంది. వెనుక బల్లవారు ముందుకు వచ్చి కూర్చోవాలి, అంతే.

వెనుక బల్ల

వస్తాను, దానికి అభ్యంతరం లేదు.

నిజానికి ఇక్కడే తేలాలి. ఖాళీ వస్తే దాన్ని ఖాళీగా ఉండనిస్తారా, లేక పాత మనిషినే బతిమాలి మళ్ళీ కూర్చోబెడతారా? మా దగ్గర ప్రతిసారీ రెండోదే జరిగింది. మోయడానికి మనుషులు లేని కార్యక్రమాన్ని ఆపే ధైర్యం ఉన్న సంఘానికే పట్టిక పనికొస్తుంది. వారం మధ్య కూడికకు తాళం తీసేవారు లేరా, ఎవరి ఇంట్లోనైనా కూడండి. అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో సంఘం కూడేదని రోమీయులకు 16లోనే ఉంది. వారు డేరాలు కుట్టుకుని బతికేవారు, మందిరమూ లేదు, తాళమూ లేదు.

ఫీబే చెల్లెలు

ఎవరి ఇంట్లోనైనా అంటే ఆ ఇంట్లో ముందు ఊడ్చేది ఎవరో, అందరూ వెళ్ళాక గ్లాసులు కడిగేది ఎవరో కూడా రాయండి, బ్రదర్. ఆ ఇంటి ఇల్లాలి పేరు మీ పట్టికలో ఉండదు, గడువూ ఉండదు.

తాళాలగుత్తి

సిస్టర్, ఇంటి కూడికలకు కూడా నెలకో ఇల్లు మార్చడం, సర్దడానికి బయటి నుంచి ఇద్దరిని పంపడం అని చేర్చాను. ఆ ఇద్దరిలో ఒకరు మగవారు కావాలని రాసి, అలాగే పంపుతున్నాను. కాపరి పేరు చీట్లలో వేయడానికి పెద్దలు ఒప్పుకుంటారో లేదో సమావేశం అయ్యాక ఇక్కడే చెబుతాను.